కింది గదిలో తొమ్మిది మంది

పొద్దున పట్టిన వాన మధ్యాహ్నమైనా తెరిపివ్వలేదు. ఇంటి పైకప్పులో ఎక్కడెక్కడ చిల్లులున్నాయో మిషనమ్మకి కంఠతా వచ్చు. దేని కింద బక్కెట్టు పెట్టాలో, దేనికి చిన్న గిన్నె సరిపోతుందో చూడకుండానే చెప్పగలదు. ఈవేళ మాత్రం కొత్త చిల్లు ఒకటి పుట్టుకొచ్చింది, అదీ సరిగ్గా భర్త పడుకున్న మంచానికి పైన. చుక్క వచ్చి ఆయన చెంప మీద పడుతోంది, జారి చెవిలోకి పోతోంది. కుడిచెయ్యి ఎలాగూ లేవదు. ఎడమచెయ్యి లేస్తుంది గానీ, ఎందుకో ఆయన దాన్నీ లేపలేదు. కళ్ళు మాత్రం పైకప్పు మీదే పెట్టి పడుకున్నాడు.

కాలర్లు కుడుతూ కుడుతూ తలెత్తి చూసిన మిషనమ్మ, మిషను వదిలేసి లేచింది.

"కాస్త పిలవొచ్చు కదయ్యా. తడిసి ముద్దయ్యేదాకా ఊరుకుంటావా?"

"వద్దు," అన్నాడాయన.

మంచం జరపాలంటే గోడకి ఆనించిన, ఆయన రంగులతో వేసిన పెద్ద బొమ్మ జరగాలి. అది గది గోడంత పొడుగు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆమె తలుపు దగ్గరికి పోయి ఎదురరుగు మీద వానకి తలదాచుకున్న ఇస్త్రీ బండి అతన్ని కేకేసింది. అతను తల మీద గోనెపట్టా కప్పుకుని వచ్చాడు.

"బొమ్మ మీ ఇంట్లో ఉందా, మీరే బొమ్మ ఇంట్లో ఉన్నారా అక్కా?" అంటూ రెండో కొస పట్టుకున్నాడు. నవ్వించాలని అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఇద్దరూ కలిసి మెల్లగా ఎత్తారు. ఎత్తుతుంటే బొమ్మ కింది భాగంలోంచి అరచెయ్యంత పెచ్చు ఊడి నేల మీద పడింది. మిషనమ్మ వంగి తీసుకోబోతే వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. లేత పసుపు రంగు. బొమ్మలో ఆమె చెల్లెలి భుజం మీది రంగు అది.

"తడి పట్టిందక్కా," అన్నాడు ఇస్త్రీ అతను గొంతు తగ్గించి. "వెనకంతా బూజే."

ఆమె మంచం జరిపింది, ఆయన చెవి తుడిచింది, చిల్లు కింద గిన్నె పెట్టింది, మళ్ళీ మిషను ముందు కూర్చుంది. సాయంత్రానికి దుకాణం మనిషి వస్తాడు. రెండు డజన్ల కాలర్లు అప్పజెబితే ఆ రోజు పాలూ, ఆయన మందుబిళ్ళలూ వస్తాయి. ఒక డజను తగ్గితే ఏదో ఒకటి మానుకోవాలి. వేళ్ళకంటిన ఆ రంగు పొడి తెల్లటి కాలరు మీద మరక పెట్టింది. దాన్ని గోటితో గీకుతూ ఆమె చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ బొమ్మ సంగతి చెప్పాలంటే పత్తి గోదాము సంగతి చెప్పాలి. ఊరి చివర పెద్ద గోదాములో ఆడవాళ్ళు బారుగా కూర్చుని దూదిలోంచి గింజలూ చెత్తా ఏరేవారు. దూలాలు పుచ్చిపోయాయి, బాగు చేయించమని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఈ సరుకు వెళ్ళిపోనీ, చూద్దాం అనేవాడు యజమాని. సరుకు వెళ్ళేది, మళ్ళీ సరుకు వచ్చేది. ఒక మధ్యాహ్నం డబ్బాల మూతలు తీసి తిండికి కూర్చున్న తొమ్మిది మంది మీద కప్పు కూలింది. అందులో మిషనమ్మ చెల్లెలు ఒకతె. తర్వాత విచారణ జరిగింది. తప్పు గాలివానదని తేలింది.

మిషనమ్మ భర్త బొమ్మలు వేసేవాడు. కడుపు కోసం దుకాణాల బోర్డులు రాసేవాడు, మిగిలిన పొద్దంతా తన బొమ్మలు తను వేసుకునేవాడు. గోదాము కూలిన తర్వాత కొన్నాళ్ళు ఆయన బోర్డుల జోలికే పోలేదు. చనిపోయిన తొమ్మిది మంది ఇళ్ళకీ నడిచి వెళ్ళాడు. ఆ పిల్ల ఎలా నవ్వేది, ఏ చేత్తో తినేది, తల ఎటు వంచి కూర్చునేది అని తల్లుల్ని అడిగాడు. వాళ్ళలో సగం మందికి ఫోటో అన్నది లేదు. తల్లి చెబుతుంటే ఆయన కాగితం మీద గీసేవాడు. ముక్కు ఇలా కాదయ్యా అంటే చెరిపేసేవాడు. ఏదో ఒక రోజు ఆ తల్లి నోట మాట రాక చూస్తూ ఉండిపోయేది. అప్పుడు ఆయన లేచి ఇంటికొచ్చేవాడు.

అంత పెద్ద కాన్వాసు కొనే స్తోమత ఎక్కడిది? మిషనమ్మ గోనెసంచులు విప్పి, ఒకదానికొకటి కలిపి కుట్టి ఇచ్చింది. ఆయన వాటి మీద జిగురూ సుద్దపొడీ కలిపి పూశాడు. రంగులు అయిపోయిన చోట బోర్డుల రంగే వాడాడు. కూలిపోవడం వెయ్యలేదు. దానికి ముందు క్షణం వేశాడు. తొమ్మిది మంది గోడవార కూర్చుని తింటున్నారు. ఒకతె పక్కదాని డబ్బాలోకి చెయ్యి పెడుతోంది. చెల్లెలు నోటినిండా ముద్ద పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. పైన దూలం మీద సన్నటి నెర్రె. చూసేవాళ్ళకి తెలుసు, కింద కూర్చున్నవాళ్ళకి తెలియదు.

ఆ బొమ్మ కోసం జనం వచ్చేవారు. రవిక చేతులు కుట్టించుకునే వంకతో ఒక తల్లి వచ్చి, పని అయిపోయినా వెళ్ళకుండా నిలబడేది. వానలేని ఆదివారాలు ఆయన దాన్ని బయటికి తెచ్చి వీధి గోడకి ఆనించేవాడు. అందరికంటే చిన్నపిల్ల తల్లి, ఇప్పుడామె బాగా ముసలిదైపోయింది, ఎప్పుడు వచ్చినా బొమ్మ ముందు కింద కూర్చుని తన పిల్లతో మామూలుగా మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళేది.

మ్యూజియం వాళ్ళు మొదటిసారి వచ్చింది అప్పుడే. పేపర్లో బొమ్మ గురించి ఏదో రాశారట, చూసి వచ్చారు. వచ్చినాయన మంచి ధర చెప్పాడు. ఆ డబ్బుతో కప్పు కారని ఇంట్లోకి మారేవారు, రెండో మిషను వచ్చేది. వంటగదిలో నిలబడి ఆమె అంతా విన్నది.

"ఎక్కడ వేలాడదీస్తారు?" అని అడిగాడాయన.

"అది మా కమిటీ చూసుకుంటుంది."

"మీ కమిటీకి పెద్ద ఎవరు?"

వచ్చినాయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. మ్యూజియం కమిటీ అధ్యక్షుడు పత్తి గోదాము యజమానే అని ఊళ్ళో తెలియనిది ఎవరికి?

"వద్దు," అన్నాడు బొమ్మలాయన. "దాచిపెట్టడానికి కొనేవాడికి నేను అమ్మను."

ఆ తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళే కొత్త చిత్రకారుల ప్రదర్శనకి పిలిచారు. అక్కడ పెట్టిన ఒక చిన్న బొమ్మకి పేరు మార్చమన్నారని దాన్ని తనే దించుకుని, సైకిలు మీద పెట్టుకుని ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి వీధిలో ఆయన్ని వద్దయ్య అనేవారు. మొహం మీదే అనేవారు, ఆయనా నవ్వేవాడు. ఊరంతా ఆయన పట్టుదలని మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్ళెవరూ మిషనమ్మని ఏమీ అడగలేదు. ఆయనా అడగలేదు. ఒక్కసారి లోపలికొచ్చి నువ్వేమంటావే అని ఉంటే, ఆమె కూడా వద్దనే అనేదేమో. చెల్లెలి మొహం కదా అది. కానీ అడగకపోవడం మాత్రం ఆమె మనసులో అరగని ముద్దలా అలాగే ఉండిపోయింది.

ఏడాది కిందట, నిచ్చెన మీద నిలబడి మందుల దుకాణం బోర్డు రాస్తూ ఆయన పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ వద్దు. నీళ్ళు కావాలన్నా వద్దు, పక్క తడిసినా వద్దు, నిద్రలో ఉలిక్కిపడినా వద్దు. మెదడులో మాటలన్నీ కొట్టుకుపోయినా బాగా వాడిన మాట ఒక్కోసారి మిగులుతుందని డాక్టరు చెప్పాడు. వీధిలో వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత మానేశారు.

వాన పడుతున్న ఆ మధ్యాహ్నమే, మిషనమ్మ కాలరు మీద మరక గీకుతూ కూర్చున్నప్పుడు, గుమ్మంలో గొడుగు ముడుస్తూ ఒకమ్మాయి నిలబడింది. మెడలో మ్యూజియం కార్డు, తడిసిన కళ్ళద్దాలు. లోపలికి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, పెద్ద బొమ్మ వంక చూసి, అడుగు వెయ్యడం మర్చిపోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూసి మిషనమ్మకి ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది.

"ఇంకో వానాకాలం ఆగవమ్మా ఇవి," అంది అమ్మాయి, ఊడిన చోట వేలు ఆనించీ ఆనించకుండా. "మా దగ్గర బాగు చేసేవాళ్ళున్నారు. తడి తగలని గదులున్నాయి. బొమ్మలన్నీ మ్యూజియానికి ఇచ్చేస్తే అయ్యగారి పేరు మీద ప్రదర్శన పెడతారు. ఆయన వైద్యం కూడా కమిటీయే చూసుకుంటుంది. చెయ్యి ఆడించే వ్యాయామాలకి మనిషిని పంపిస్తారు."

"కమిటీకి ఇప్పుడు పెద్ద ఎవరమ్మా?"

అమ్మాయి ఊడిన చోటి నుంచి వేలు తీసేసింది. "పాతాయన పోయారు. వాళ్ళబ్బాయి."

"పెద్ద బొమ్మ కూడా తీసుకుంటారా?"

"అన్నీ ఇస్తేనే అన్నారు. ఏరడం లేదన్నారు."

"జనం చూసేలా పెడతారా దాన్ని?"

"నేను చెప్పగలిగినంత చెబుతానమ్మా. నాకైతే అదే ముందు పెట్టాలని ఉంది."

అది మాట ఇవ్వడం కాదని మిషనమ్మకి తెలుసు. అయినా అదే మాట అనుకోవాలనిపించింది, అలాగే అనుకుంది. వానలు వెళ్ళగానే ఇల్లు పడగొట్టి కట్టిస్తానని అద్దెకిచ్చిన ఇంటి ఆసామి అప్పటికే రెండుసార్లు చెప్పిపోయాడు. కొత్తగా దొరికే గదిలో ఈ మంచం, మిషను పట్టడమే గగనం. పెద్ద బొమ్మని ఎక్కడ పెడుతుంది? ఎన్ని రాత్రులు ఆలోచించినా ఆలోచన గోడ దగ్గరికి పోయి ఆగిపోయేది.

నాలుగైదు రోజుల తర్వాత కాగితాలు పట్టుకుని, కళ్ళద్దాలమ్మాయిని వెంటబెట్టుకుని మ్యూజియం డైరెక్టరే వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. కూర్చోవడానికి ఇంకేమీ లేక మిషను ముందున్న స్టూలు మీదే కూర్చున్నాడు. మంచం వైపు తిరిగి, నెమ్మదిగా, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మాస్టారూ, మీ బొమ్మలన్నీ మా దగ్గర భద్రంగా ఉంటాయి. మీకు సమ్మతమేనా?"

"వద్దు," అన్నాడాయన.

డైరెక్టరు కలం మూత పెట్టేశాడు. "వారికి ఇష్టం లేనట్టుందమ్మగారూ. బలవంతం చేసి తీసుకున్నామన్న మాట మాకూ రాకూడదు."

 కళ్ళద్దాలమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మిషనమ్మ ఆయన మొహం వంక చూసింది. అది ఏ వద్దు? నీళ్ళప్పటి వద్దా, నిజమైన వద్దా? ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళు ఒకే గదిలో బతికినదానికి తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఆయనకి ఆ మాట ఒక్కటే వస్తుందండీ," అంది. "దేనికైనా అదే అంటాడు."

డైరెక్టరు నమ్మలేనట్టు చూశాడు. ఆమె లేచి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకొచ్చింది. ఆయన తల కింద చెయ్యి పెట్టి లేపింది.

"నీళ్ళు తాగుతావా?"

"వద్దు," అన్నాడాయన. అని, గ్లాసు పెదాలకి తగలగానే గటగటా తాగాడు. పొద్దుటి నుంచీ ఆమె నీళ్ళు ఇవ్వడం మర్చిపోయింది. దాహంతో ఉన్నాడు. గ్లాసు అంచు మీదుగా ఆయన కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. తాగుతున్నంతసేపూ చూస్తూనే ఉన్నాయి.

"అయ్యో, పాపం," అన్నాడు డైరెక్టరు, ఊపిరి తీసుకుని. కలం మూత మళ్ళీ తీశాడు.

ఆమె అబద్ధం ఆడలేదు. అంతా కళ్ళ ముందు జరిగినదే. సంతకం పెడుతుంటే మాత్రం చేతి కింద కాగితం ఎవరో లాగుతున్నట్టు అనిపించింది.

లారీ వచ్చి బొమ్మలన్నీ తీసుకుపోయింది. పెద్ద బొమ్మని నలుగురు మనుషులు దుప్పట్లు చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎక్కించారు. గోడల మీద బొమ్మలున్నంత మేరా సున్నం తెల్లగా, మిగతాదంతా నల్లగా కనిపించింది. ఆ రోజు నుంచి ఆయన గోడవైపే తిరిగి పడుకున్నాడు. జావ తెస్తే వద్దు అనేవాడు. ఆ మాట ఎప్పుడూ అనేదే. కానీ ఇదివరకు అంటూనే నోరు తెరిచేవాడు. ఇప్పుడు పళ్ళు బిగించేవాడు. మూడోసారో నాలుగోసారో బతిమాలితే గానీ తెరిచేవాడు కాదు.

అన్నమాట ప్రకారం వ్యాయామాల మనిషి వచ్చేవాడు. నూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటీ వంచి, చాపేవాడు. కుడిచేతి చిటికెనవేలు కదిలిన రోజు మిషనమ్మ వంటగదిలోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషమో, ఇంకేదో ఆమెకే తెలియలేదు.

ప్రదర్శన రోజు కార్డు వచ్చాక ఆమె తొమ్మిది ఇళ్ళకీ స్వయంగా వెళ్ళింది. కొన్ని ఇళ్ళలో తల్లులు లేరు, అక్కలో కూతుళ్ళో ఉన్నారు. "పెద్ద గోడ మీద పెడతారు. దీపాలు పెడతారు. రండి, మనవాళ్ళని చూద్దురుగాని," అని అందరికీ చెప్పింది. ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించింది.

ఆ సాయంత్రం వాళ్ళంతా ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. చిన్నపిల్ల తల్లి పక్కింటావిడ చెప్పులు అడిగి వేసుకొచ్చింది. అవి పెద్దవై పాలిష్ రాళ్ళ మీద టపటపమని మోగుతుంటే, తీసి చేత్తో పట్టుకుంది. కార్డులు లేవని కాపలావాడు ఆపితే, కళ్ళద్దాలమ్మాయి పరుగున వచ్చి వాళ్ళని చివరి వరసలో కూర్చోబెట్టింది. మ్యూజియం పంపిన కారులో మిషనమ్మా ఆయనా వచ్చారు. ఆయన్ని కొత్త చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు బంట్రోతులు ఎత్తి వేదిక మీద పెట్టారు.

హాలు నాలుగు గోడలా ఆయన బొమ్మలే. ఏటి మీద పడవలు, వానలో వీధి, కిటికీలో పూలకుండీ, నిద్రపోతున్న కూలీ, మిషను ముందు తను. ఒక్కోదాని మీదా చిన్న దీపం. బంగారు రంగు చట్రాల్లో అవి పరాయివాళ్ళ ఇంట్లో కుదురుగా కూర్చున్న పిల్లల్లా ఉన్నాయి. మిషనమ్మ ఒక గోడ చూసింది, రెండో గోడ చూసింది. నాలుగూ చూసింది. మళ్ళీ మొదటి నుంచీ చూసింది.

చివరి వరస నుంచి ముసలామె చెయ్యి ఊపింది. మిషనమ్మ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"మా పిల్లది ఏదమ్మాయ్? నాకు కళ్ళు ఆనడం లేదా ఏంటి?"

"లోపల ఇంకో గది ఉందేమో పెద్దమ్మా. చూసొస్తానుండు."

కళ్ళద్దాలమ్మాయి స్తంభం పక్కన నిలబడి ఉంది. మిషనమ్మ వస్తుంటేనే తల వంచుకుంది.

"దానికి బాగు చెయ్యాల్సింది చాలా ఉందమ్మా…"

"నిజం చెప్పు తల్లీ."

"ఈ ప్రదర్శనకి సరిపడదన్నారు కమిటీలో. నేను చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"ఎప్పుడు సరిపడుతుంది?"

అమ్మాయి మెడలో కార్డుని వేళ్ళతో తిప్పుతోంది.

"నన్నొకసారి చూడనియ్యి. నేను వాళ్ళకేం చెప్పుకోను?"

అమ్మాయి అటూ ఇటూ చూసి, జేబులోంచి తాళం తీసింది. హాలు వెనక సన్నటి నడవా, దాని చివర కిందికి మెట్లు. కింది గది తలుపు తెరవగానే చల్లటి గాలి మొహానికి తగిలింది. ఎక్కడా తడి లేదు, దుమ్ము లేదు. ఏదో యంత్రం సన్నగా మూలుగుతోంది. ఇనుపజల్లెడ లాంటి చట్రాలు బీరువా అరల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉన్నాయి. అమ్మాయి ఒకదాన్ని పట్టుకుని లాగింది. అది పట్టాల మీద సగం దాకా వచ్చి, ఎదురుగా ఉన్న స్తంభానికి తగిలి ఆగింది.

"ఇంతకంటే రాదమ్మా. బొమ్మ పెద్దది."

బొమ్మలోని నలుగురు బయటికి వచ్చారు. మిగతా అయిదుగురూ చట్రాల మధ్య చీకట్లో ఉండిపోయారు. వెనక్కి జరిగి చూద్దామంటే వెనక గోడ. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడితే ఒక్కో మొహం ఒక్కో రంగుల మరకలా కనిపించింది. రంగు గట్టిపడింది, పెచ్చులు అతికించారు, బూజు పోయింది. ఎవరో ఓపికగా చేశారు. ఇంట్లో ఉంటే చచ్చిపోయేవాళ్ళు. ఇక్కడ చావరు. అంతే తేడా.

చెల్లెలు ఆరోది. మిషనమ్మ చట్రాల సందులోకి చెయ్యి పోనిచ్చింది. భుజం దాకా పోనిచ్చి, తడిమి, తను గోనెలు కలిపి కుట్టిన అతుకు వేళ్ళకి తగిలితే అక్కడ ఆగింది. చెల్లెలు ఇంకా అవతల ఉంది.

"తాకకూడదమ్మా," అంది అమ్మాయి, ఏడుపు గొంతుతో. "నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

మిషనమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

పైకి వచ్చేసరికి కార్యక్రమం మొదలైపోయింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆమెని వేదిక మీద ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. కమిటీ అధ్యక్షుడు, చనిపోయిన యజమాని కొడుకు, మైకు ముందు ఉన్నాడు. నెమ్మదైన గొంతు. ఈ కళాకారుడంటే తన తండ్రికి ఎంతో గౌరవమనీ, ఎప్పటికైనా ఈ బొమ్మలు ఇక్కడికి చేరాలని ఆయన కోరుకున్నాడనీ చెప్పాడు. చెప్పి, మెరిసే రాగిరేకు జ్ఞాపిక తెచ్చి బొమ్మలాయన ఒళ్ళో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బొమ్మలాయన ఆ ఒక్క మాట కూడా అనలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. జ్ఞాపిక ఒళ్ళోంచి మెల్లగా జారుతుంటే డైరెక్టరు వంగి సరిచేశాడు.

"ఇప్పుడు వారి సతీమణి రెండు మాటలు చెబుతారు," అని, డైరెక్టరు ఒక కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "కంగారు పడకండమ్మగారూ. అంతా రాసే ఉంది, చూసి చదివెయ్యండి."

ఆమె మైకు దగ్గరికి నడిచింది. కాగితం విప్పింది. అచ్చు అక్షరాలు, పెద్దవి, చదవడానికి వీలుగా ఉన్నాయి. "నా భర్త తన జీవితకాల కృషిని ఈ సంస్థకు మనస్ఫూర్తిగా, సంతోషంగా సమర్పించారు." మొదటి వాక్యం కళ్ళతో చదివింది. మళ్ళీ చదివింది. తలెత్తితే చివరి వరస కనిపించింది. ముసలామె చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, బాగా వినబడాలని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి ఉంది. ఈ ఉపన్యాసం కాగానే లోపలి గదిలోకి తీసుకుపోతారని ఆ కూర్చున్నవాళ్ళ నమ్మకం.

 ఎవరో దగ్గారు.

"చదవండమ్మగారూ," అన్నాడు డైరెక్టరు పక్క నుంచి, మెల్లగా.

"ఇది నేను చదవనండీ," అంది మిషనమ్మ.

మైకులో తన గొంతు అంత పెద్దగా వినబడుతుందని ఆమె అనుకోలేదు. ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"పెద్ద బొమ్మ ఇంకోటుంది. కింది గదిలో పెట్టారు. ఆ వెనక కూర్చున్నవాళ్ళు దానికోసమే వచ్చారు. నేను ఇప్పుడే చూసొచ్చాను. నలుగురే కనబడ్డారు. మిగతావాళ్ళు…"

డైరెక్టరు నవ్వుమొహంతో వచ్చి మైకు మీద చెయ్యి వేశాడు. "అమ్మగారు చాలా ఉద్వేగంలో ఉన్నారు. మనమంతా అర్థం చేసుకోగలం," అని తనే చప్పట్లు మొదలుపెట్టాడు. ముందు వరసలు అందుకున్నాయి. హాలంతా చప్పట్లే. ఆమె ఇంకేదో అంది గానీ మైకు ఆగిపోయింది, పెదాలు కదలడమే కనిపించింది.

వెనక వరసలో ముసలామె పక్కనున్న మనిషిని "ఏమందే?" అని అడిగింది. ఆమె చెవిలో చెప్పింది. ముసలామె చెప్పులు కింద పెట్టింది. తర్వాత ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడింది. ఆమె పక్కన ఒకరు లేచారు. మరొకరు.  లేచి నిలబడి ఒక తలుపు వంకా ఇంకో తలుపు వంకా చూస్తున్నారు. కింది గదికి దారి ఎటో వాళ్ళకి తెలియదు.

దారి తెలిసినది మిషనమ్మకే. ఆమె కాగితాన్ని మైకు స్టాండు మీద వదిలేసి, కుర్చీ వెనక చేరి, పిడులు రెండూ పట్టుకుని ఆయన్ని వేదిక అంచుదాకా తోసుకొచ్చింది. అక్కడ మెట్లున్నాయి. కుర్చీ దించాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి. ఎక్కించిన బంట్రోతులిద్దరూ గోడవార నిలబడి, డైరెక్టరు మొహం వంక చూస్తున్నారు.